'డిడ్ నాట్ వెంట్' ఎందుకు తప్పు? జవాబు మన తెలుగులోనే ఉంది



క్వార్టర్లీ పరీక్షల ఇంగ్లీషు పేపర్లు దిద్దడం ఈ వారంతో అయిపోయింది. ఏడో తరగతి పిల్లలను 'నేను చూసిన జాతర' గురించి ఆరు వాక్యాలు రాయమన్నాము. బాగానే రాశారు. తేరు లాగింది, బొరుగులు కొన్నది, గుంపులో తప్పిపోయిన తమ్ముణ్ణి వెదికింది, అన్నీ రాశారు. ఒక్క తప్పు మాత్రం పేపరు వెనుక పేపరులో వస్తూనే ఉంది. 'ఐ డిడ్ నాట్ వెంట్', 'మై ఫాదర్ డిడ్ నాట్ వెంట్', 'వి డిడ్ నాట్ వెంట్'. జాతరకు పోలేదని చెప్పాల్సి వచ్చిన ప్రతి చోటా ఇదే.

నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఈ తప్పు చూస్తున్నాను. ఎర్ర సిరాతో 'వెంట్' చుట్టూ సున్న చుట్టి, పైన 'గో' అని రాసి, పేపరు తిరిగి ఇచ్చేవాణ్ణి. పిల్లలు చూసి తల ఊపేవారు. తరువాతి పరీక్షలో మళ్ళీ అదే తప్పు. ఎందుకు తప్పో నేను చెప్పలేదు, వాళ్ళకు తెలియలేదు. ఇందులో పిల్లల తప్పు ఎంతో నా తప్పూ అంతే.

పేపర్లు ఇచ్చిన మరునాడు ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని ఆఫీసు రూముకు వచ్చింది. "సార్, ఇన్నేండ్లయినా మా పాపకు ఇంగ్లీషు రాలేదు. తెలుగు మీడియంలో ఉంటే ఇంతే అంట గదా. టీసీ ఇచ్చేయండి సార్, టౌన్లో ఇంగ్లీషు మీడియంలో చేరుస్తాం" అనింది. కూర్చోమ్మా అన్నాను. ఆ రోజు ఆ తల్లీకూతుళ్ళకు చెప్పిన మాటలనే ఇక్కడ అందరి కోసం కొంచెం వివరంగా రాస్తున్నాను.

'వెంట్' అనే మాట ఎక్కడిది?

ఇంగ్లీషులో చాలా క్రియలకు భూతకాలం చెప్పడం సులభం. చివర 'ఇ-డి' చేర్చితే చాలు. 'వాక్' అంటే నడుచు, 'వాక్డ్' అంటే నడిచాడు. 'ప్లే' అంటే ఆడు, 'ప్లేడ్' అంటే ఆడాడు. ఇవి నియమానికి లోబడిన క్రియలు. 'గో' అలా లోబడదు. 'గో' భూతకాలం 'గోడ్' కాదు, 'వెంట్'. రెండింటిలో ఒక్క అక్షరం కూడా కలవదు. పిల్లవాడు "ఎందుకు సార్ ఇట్ల?" అని అడిగితే "అది అంతే, బట్టీ పట్టు" అంటాము. కానీ దానికి కారణం ఉంది.

వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో 'గో' క్రియకు భూతకాలం వేరే ఉండేది. దాన్ని దాదాపు 'ఏఓడె' అని పలికేవారు. అదే కాలంలో 'వెండ్' అని ఇంకొక క్రియ ఉండేది. దాని అర్థం తిరుగు, మరలు, దారి పట్టు అని. మన వెండి బంగారాలకూ దానికీ సంబంధం లేదు! 'సెండ్'కు 'సెంట్', 'బెండ్'కు 'బెంట్', 'స్పెండ్'కు 'స్పెంట్' ఎలాగో 'వెండ్'కు 'వెంట్' అలాగ. రానురాను జనం పాత 'ఏఓడె'ను వదిలి, దాని చోట 'వెంట్' అనడం మొదలుపెట్టారు. 15వ శతాబ్దానికల్లా అదే స్థిరపడింది. అంటే 'గో' తన భూతకాలాన్ని పక్కింటి నుంచి అప్పు తెచ్చుకుని తిరిగి ఇవ్వలేదు. పాపం 'వెండ్' తరువాత 'వెండెడ్' అని కొత్తది కుట్టించుకోవలసి వచ్చింది.

ఇది ఇంగ్లీషుకే ప్రత్యేకం కాదు. హిందీలో వెళ్ళడం 'జానా', వెళ్ళాడు అంటే 'గయా'. అక్కడా అక్షరం కలవదు. హిందీ నేర్చుకునేటప్పుడు దానికి మనం ఆశ్చర్యపడం.

ఎక్కువ వాడే మాటలే ఎందుకు ఇలా మొండిగా ఉంటాయి? 2007లో 'నేచర్' అనే విజ్ఞాన పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. పాత ఇంగ్లీషులోని 177 నియమం తప్పిన క్రియలను తీసుకుని చూస్తే, ఈ రోజు వాటిలో 98 మాత్రమే అలా మిగిలాయట. మిగతావన్నీ 'ఇ-డి' దారికి వచ్చేశాయి. ఉదాహరణకు 'హెల్ప్'కు ఒకప్పుడు 'హోల్ప్' అనే భూతకాలం ఉండేది, ఇప్పుడు 'హెల్ప్డ్'. తక్కువగా వాడే మాటను జనం మరిచిపోతారు, అప్పుడు నియమం దాన్ని పట్టేస్తుంది. రోజూ నోట్లో నానే మాటను ఎవరూ మరవరు, కాబట్టి అది పాత రూపంలోనే నిలబడుతుంది. బీ, హావ్, డూ, గో, సే, సీ, టేక్, గెట్ ఇవన్నీ ఇంగ్లీషులో అతి ఎక్కువగా వాడే క్రియలు. ఇవన్నీ నియమం తప్పినవే. కష్టమైన మాటలే రోజూ వచ్చే మాటలు. అందువల్ల వీటిని వాడేకొద్దీ పట్టుబడతాయి, పట్టిక చూసి బట్టీ వేస్తే నిలవవు.

ఇంగ్లీషు తల్లిభాషగా పుట్టిన పసిపిల్లలు కూడా మూడేళ్ళ వయసులో 'గోడ్' అంటారు. నియమం అర్థమైందని దానికి గుర్తు. కొన్నాళ్ళకు వాళ్ళే 'వెంట్'కు వస్తారు. మన పిల్లలు తప్పు చేస్తే నవ్వకూడదని ఇందుకే చెబుతున్నాను.

మరి 'డిడ్ నాట్ వెంట్' ఎందుకు తప్పు?

ఆ తల్లి అన్న మాటను మళ్ళీ చూడండి. "మా పాపకు ఇంగ్లీషు రాలేదు." ఈ 'రాలేదు' అనే మాటలోనే జవాబు ఉంది.

వస్తే ఏమంటాము? 'వచ్చింది.' రాకపోతే? 'రాలేదు.' ఎవరైనా 'వచ్చింది లేదు' అంటారా? 'వచ్చలేదు' అంటారా? అనరు. 'వచ్చింది'లో ఉన్న 'వచ్చ్' అనే శబ్దం 'రాలేదు'లో కనబడదు. మాట మొదలే మారిపోయింది. అయినా మూడేళ్ళ పాప కూడా తడబడకుండా "నాయన రాలేదు" అంటుంది. ఎవరూ నేర్పలేదు, వ్యాకరణం చదవలేదు.

ఇప్పుడు ఇంగ్లీషు పక్కన పెట్టి చూడండి.

వచ్చింది, రాలేదు.
వెంట్, డిడ్ నాట్ గో.

రెండూ ఒకటే నడక. అవును అన్నప్పుడు ఒక రూపం, కాదు అన్నప్పుడు ఇంకొక రూపం. తెలుగులో కాదు అని చెప్పే భారం 'లేదు' మోస్తుంది. జరిగిపోయిన సంగతి అని కూడా అదే చెబుతుంది. కాబట్టి అసలు క్రియ భూతకాలాన్ని వదిలేసి ఖాళీ చేతులతో నిలబడుతుంది. వెళ్ళ అనే దానికి లేదు చేరి 'వెళ్ళలేదు', తినకు లేదు చేరి 'తినలేదు', రాకు లేదు చేరి 'రాలేదు'. 'తిన్నాడు లేదు' అని మనం అనం.

ఇంగ్లీషులో ఆ భారం మోసేది 'డిడ్ నాట్'. 'డూ' క్రియకు 'డిడ్' భూతకాలం. అది ముందే వచ్చి కూర్చుంది. కాబట్టి 'గో' మళ్ళీ 'వెంట్'గా మారనక్కరలేదు. బస్సులో తల్లి తనకూ బిడ్డకూ కలిపి టికెట్ తీసుకున్న తరువాత కండక్టర్ బిడ్డను మళ్ళీ టికెట్ అడగడు గదా. భూతకాలం అనే టికెట్ 'డిడ్' తీసేసుకుంది. వెనుక వచ్చే క్రియకు మళ్ళీ అక్కరలేదు. డిడ్ నాట్ గో, డిడ్ నాట్ ఈట్, డిడ్ నాట్ కమ్, డిడ్ నాట్ రైట్. 'డిడ్ నాట్' వెనుక ఎప్పుడూ మొదటి రూపమే.

మన హోసూరు, బాగలూరు, సూళగిరి చుట్టుపక్కల పిల్లలకు ఇంకొక మేలు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం, బస్సెక్కితే కన్నడం వింటూ పెరుగుతారు. తమిళంలో 'పోనాన్' అంటే పోయాడు, 'పోగవిల్లై' అంటే పోలేదు. కన్నడంలో 'హోదను' అంటే పోయాడు, 'హోగలిల్ల' అంటే పోలేదు. 'పోనాన్ ఇల్లై' అని తమిళులు అనరు, 'హోదను ఇల్ల' అని కన్నడిగులు అనరు. మూడు భాషలూ ఒకే మాట చెబుతున్నాయి. కాదన్నప్పుడు అసలు క్రియ భూతకాలపు గుర్తును విడిచిపెడుతుంది. అన్ని భాషలూ ఇలాగే ఉంటాయని కాదు. హిందీలో 'నహీఁ గయా' అంటారు, మరాఠీలో 'గేలా నాహీ' అంటారు. అక్కడ భూతకాల రూపం అలాగే నిలుస్తుంది. ఈ ఒక్క విషయంలో ఇంగ్లీషు మన పక్కన కూర్చుంది.

మరి తల్లిభాషలో సరైన దారి ఇంత స్పష్టంగా ఉంటే పిల్లలు 'డిడ్ నాట్ వెంట్' అని ఎందుకు రాస్తున్నారు? 'వెంట్ అంటే వెళ్ళాడు' అని మనం నేర్పిస్తాము. 'డిడ్ నాట్ అంటే లేదు' అని నేర్పిస్తాము. రెండింటినీ విడివిడిగా బట్టీ పట్టి, చివర అతికిస్తారు. 'వెళ్ళలేదు' అనే పూర్తి మాటను పక్కన పెట్టి 'డిడ్ నాట్ గో' అని చూపిస్తే అతుకే ఉండదు. తెలుగు అడ్డం వచ్చి ఈ తప్పు రావడం లేదు. తెలుగును మనం సరిగా పిలవకపోవడం వల్ల వస్తోంది.

ఇదే సూత్రం వర్తమానంలో కూడా పనిచేస్తుంది. 'హీ గోస్' అంటే అతను వెళ్తాడు. 'వెళ్ళడు' అనాలంటే 'హీ డజ్ నాట్ గో'. 'డజ్' లో ఉన్న చివరి శబ్దమే టికెట్. 'డజ్ నాట్ గోస్' అంటే రెండు టికెట్లు తీసినట్టు.

తెలుగు సాయం చేయని చోట

అన్ని చోట్లా తెలుగే దారి చూపిస్తుందని చెబితే అది అబద్ధం అవుతుంది. ప్రశ్న అడిగేటప్పుడు జాగ్రత్త పడాలి.

తెలుగులో 'వెళ్ళావు' అనే దానికి చివర దీర్ఘం తగిలిస్తే చాలు, 'వెళ్ళావా?' అని ప్రశ్న అయిపోతుంది. భూతకాల రూపం చెక్కు చెదరదు. ఆ అలవాటుతో పిల్లలు 'డిడ్ యూ వెంట్?' అంటారు. ఇక్కడ తెలుగును పక్కన పెట్టి టికెట్ సూత్రాన్నే పట్టుకోవాలి. 'డిడ్' వచ్చింది కాబట్టి 'డిడ్ యూ గో?' ఎందుకు వెళ్ళావు అంటే 'వై డిడ్ యూ గో?' ఎక్కడికి వెళ్ళావు అంటే 'వేర్ డిడ్ యూ గో?'

'ఎవరు వెళ్ళారు?' అని అడిగేటప్పుడు మాత్రం 'డిడ్' రాదు. 'హూ వెంట్?' అంతే. ఆ వెళ్ళిన మనిషి కోసమే అడుగుతున్నాము కాబట్టి ఇక్కడ 'డిడ్' అక్కరలేదు. టికెట్ తీసే తల్లి లేదు కాబట్టి 'వెంట్' తన టికెట్ తానే తీసుకుంటుంది.

వెంట్, గాన్, బీన్

పై తరగతుల పిల్లలకు ఇంకొక చిక్కు. 'గో'కు మూడో రూపం 'గాన్'. ఇది ఒంటరిగా నిలబడదు, 'హాజ్' గానీ 'హావ్' గానీ 'హాడ్' గానీ తోడు ఉండాలి. 'ఐ గాన్' అనకూడదు.

'మీ నాయన ఎక్కడ?' అని ఎవరైనా అడిగితే మనం రెండు రకాలుగా చెప్పవచ్చు. 'బెంగళూరు వెళ్ళినారు' అంటే ఇంకా తిరిగి రాలేదు అని. 'బెంగళూరు వెళ్ళొచ్చారు' అంటే పోయి తిరిగి ఇంటికి చేరారు అని. ఇంగ్లీషులోనూ ఈ తేడా ఉంది. మొదటిది 'హీ హాజ్ గాన్ టు బెంగళూరు', రెండవది 'హీ హాజ్ బీన్ టు బెంగళూరు'. 'నేను తిరుపతికి వెళ్ళొచ్చాను' అనడానికి 'ఐ హావ్ గాన్ టు తిరుపతి' అని రాస్తే, తిరుపతిలో ఉండే మనిషి ఇక్కడ కూర్చుని ఉత్తరం రాసినట్టు అవుతుంది! 'ఐ హావ్ బీన్ టు తిరుపతి' అనాలి.

ఇంకొక మాట. నిన్న, మొన్న, పోయిన ఆదివారం, 2019లో అని కాలం చెప్పేశామంటే 'వెంట్' ఒక్కటే సరి. 'ఐ వెంట్ దేర్ యెస్టర్డే.' 'ఐ హావ్ గాన్ దేర్ యెస్టర్డే' తప్పు. తెలుగులో 'ఇప్పుడే వెళ్ళాడు', 'నిన్న వెళ్ళాడు' రెండింటికీ ఒకే రూపం కాబట్టి ఈ తేడా మనకు తోచదు. దీన్ని ప్రత్యేకంగా గుర్తు పెట్టుకోవాలి.

'వెంట్' చేసే మిగతా పనులు

మన 'పోయింది' ఎన్ని పనులు చేస్తుందో చూడండి. నిద్రపోయింది, చెడిపోయింది, కరెంటు పోయింది, తప్పిపోయింది. వీటిలో ఎవరూ కాళ్ళతో నడిచి ఎక్కడికీ పోలేదు. 'వెంట్' కూడా అంతే.

పాప నిద్రపోయింది: ది బేబీ వెంట్ టు స్లీప్.
పాలు చెడిపోయాయి: ది మిల్క్ వెంట్ బ్యాడ్.
కరెంటు పోయింది: ది పవర్ వెంట్ ఆఫ్.
కుక్కపిల్ల తప్పిపోయింది: ది పప్పీ వెంట్ మిస్సింగ్.
పరీక్ష బాగా జరిగింది: ది ఎగ్జామ్ వెంట్ వెల్.

'ఇంటికి వెళ్ళాను' అన్నప్పుడు మనకు 'కి' ఉంది కాబట్టి పిల్లలు 'వెంట్ టు హోమ్' అని రాస్తారు. ఇంగ్లీషులో 'హోమ్' ముందు 'టు' రాదు. 'ఐ వెంట్ హోమ్.' అలాగే 'వెంట్ దేర్', 'వెంట్ టు దేర్' కాదు.

బడి విషయంలో ఒక చిన్న తేడా. చదువుకోవడానికి పిల్ల పోతే 'షీ వెంట్ టు స్కూల్'. ఆ పిల్ల తల్లి సంతకం పెట్టడానికి బడికి వస్తే 'హర్ మదర్ వెంట్ టు ది స్కూల్'. ఆ 'ది' ఉంటే బడి అనే చోటికి పని మీద వెళ్ళినట్టు. లేకపోతే చదువు కోసం వెళ్ళినట్టు.

రాతలో ఒక్క అక్షరం జాగ్రత్త. డబ్ల్యు-ఇ-ఎన్-టి అయితే వెంట్. 'ఇ' బదులు 'ఏ' రాస్తే 'వాంట్', అంటే కావాలి. 'ఐ వాంట్ టు మార్కెట్' అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉన్నారు. ఒక పిల్లవాడు దీనికి ఒక ఉపాయం చెప్పాడు. "సార్, నాయన వెంట వెళ్ళాను, వెంట్." రెండు మాటలకూ బంధుత్వం ఏమీ లేదు, కాకతాళీయం. అయినా గుర్తుండిపోతుంది, వాడుకోండి.

ఇంట్లో చేయవలసింది

తల్లిదండ్రులకు ఇంగ్లీషు రాకపోయినా ఇది చేయించవచ్చు. రాత్రి అన్నాలు తిన్న తరువాత ఐదు నిమిషాలు చాలు. ఆ రోజు జరిగిన సంగతినే తెలుగులో అడగండి. ముందు అవునని, వెంటనే కాదని.

సంతకు పోయినాను. సంతకు పోలేదు.
అవ్వ వచ్చింది. అవ్వ రాలేదు.
లెక్కలు రాసినాను. లెక్కలు రాయలేదు.
మామిడిపండు తిన్నాను. మామిడిపండు తినలేదు.
పుస్తకం తెచ్చినాను. పుస్తకం తేలేదు.

పిల్లలు ప్రతి జంటనూ ఇంగ్లీషులో చెప్పాలి. మొదటి దానిలో వెంట్, కేమ్, రోట్, ఏట్, బ్రాట్. రెండవ దానిలో డిడ్ నాట్ వెనుక గో, కమ్, రైట్, ఈట్, బ్రింగ్. మీరు చూడవలసింది ఒక్కటే: రెండు వాక్యాల్లో క్రియ ఒకేలా వినబడకూడదు. ఒకేలా వినబడితే ఎక్కడో తప్పు జరిగింది. మీ చెవి చాలు, ఇంగ్లీషు అక్కరలేదు. కట్, పుట్, హిట్ లాంటి కొన్ని క్రియలు మాత్రం రెండు చోట్లా ఒకటిగానే ఉంటాయి. వాటిని ఈ ఆటలో చేర్చకండి, తరగతిలో మేము చెబుతాము. వచ్చే వారం నుంచి ఉదయం ప్రార్థన అయిన తరువాత ఇలాంటి ఒక జంట వాక్యం మైకులో చెప్పిస్తాము. తప్పు చెప్పినవాళ్ళను చూసి ఎవరూ నవ్వకూడదు, ఇది ఉపాధ్యాయులకూ వర్తిస్తుంది.

ఆ తల్లి టీసీ సంగతి ఏమయిందని మీరు అడుగుతారు. "ఇంట్లో మాట్లాడి చెప్తాం సార్" అని వెళ్ళింది. ఏ బడిలో చేర్చాలో నిర్ణయించుకునే హక్కు వాళ్ళది, నేను కాదనను. ఏ మీడియంలో చేర్చినా 'డిడ్ నాట్ వెంట్' అని రాసే పిల్లలు అక్కడా ఉంటారని మాత్రం చెప్పాను. పాప తన పేపరు తీసుకుని నా ఎదురుగానే పెన్సిలుతో తప్పు దిద్దుకుంది. పక్కన తెలుగులో చిన్నగా రాసుకుంది: 'రాలేదు లాగ.'

ఇన్నేళ్ళు నేను చుట్టిన ఎర్ర సున్నల పక్కన నేను రాయవలసిన మాట అదే.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు